తూకమ్మ లిఫ్టు

ఆ లిఫ్టు మోయగలిగింది నాలుగువందల ఎనభై కిలోలు. మనిషికి డెబ్బై చొప్పున ఆరుగురికి నాలుగువందల ఇరవై, నడిపే మనిషికి అరవై. లెక్క అక్కడికక్కడే సరి. ఎవరైనా కడుపులో మాట దాచుకుని ఎక్కితే మాత్రం ఆ మాట బరువు కూడా లెక్కలోకి వచ్చేది.

ఆరంతస్తుల ఆ పాత ఆఫీసు భవనంలో ఇది అందరికీ తెలిసిన సంగతే. కొత్తగా చేరినవాళ్ళకి టాయిలెట్ ఎటో, టీ ఎన్నింటికో చెప్పినట్టే ఇదీ చెప్పేవాళ్ళు. లిఫ్టు గుమ్మం పక్కన గోడమీద 'ఆరుగురు మాత్రమే' అని పెద్దక్షరాలు, దాని కింద 'చెప్పవలసినవి ఎక్కగానే చెప్పవలెను' అని చిన్నక్షరాలు. అంతకుమించి ఎవరూ ఆ విషయం చర్చించేవాళ్ళు కాదు.

లిఫ్టు నడిపే ఆవిడని తూకమ్మ అనేవాళ్ళు. ఇత్తడి పిడి పట్టుకుని, మూలనున్న స్టూలు మీద కూర్చుని, ఎక్కేవాళ్ళని తలనుంచి కాలిదాకా ఒక్క చూపు చూసేది. బరువు తేలిపోయేది.

"బాబూ, నువ్వు డెబ్బై రెండు. ఇవాళ ఎనభై మూడున్నావు. చెప్పెయ్యి."

"ఏం లేదక్కా..."

"పైకి పోవాలా వద్దా?"

ఆ కుర్రాడు మెడ గోక్కున్నాడు. "మొన్న చూసొచ్చిన అమ్మాయికి నేను నచ్చలేదు. ఇంట్లో మాత్రం ఆ అమ్మాయే నాకు నచ్చలేదని చెప్పా."

"పదకొండు కిలోలు దానికేనా! ఇంకెవరు?"

"నేను నిన్న సెలవు పెట్టింది జ్వరానికి కాదు, నిద్రకి," అంది వెనకనుంచి ఒక టైపిస్టు.

లిఫ్టు ఊపిరి పీల్చుకున్నట్టు కొంచెం తేలేది. తూకమ్మ ఇనప కటకటాల తలుపు లాగి, పిడి తిప్పేది. లిఫ్టులో అన్న మాట లిఫ్టు దాటకూడదన్నది ఇంకో నియమం. ఎవరూ ఎవరివంకా చూసేవాళ్ళు కాదు. దిగేటప్పుడు అందరూ కాస్త నిటారుగా నడిచేవాళ్ళు.

తూకమ్మకి ఆ ఉద్యోగం దొరికి రెండేళ్ళు దాటింది. అంతకుముందు రెండు ఉద్యోగాలు పోయాయి. ఒకటి బట్టల కొట్టులో, ఒకటి ప్యాకింగ్ హాల్లో. రెండూ పోయింది ఒకే కారణానికి. నెలకి పన్నెండు రోజులు రక్తం ఆగేది కాదు. నిలబడి చేసే పనిలో గంటకోసారి బాత్‌రూమ్‌కి పరుగెత్తే మనిషిని ఎవరు పెట్టుకుంటారు? మందులు వాడింది, ఇంజెక్షన్లు పొడిపించుకుంది. చివరికి ఈ భవనంలోనే అయిదో అంతస్తు క్లినిక్‌లో ఉండే డాక్టరమ్మ, గర్భసంచి లోపలి పొరను కాల్చేస్తే రక్తం తగ్గుతుందని చెప్పింది. కోత లేదు, కుట్లు లేవు. పెద్దాసుపత్రిలో పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపించారు. తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు, అప్పట్లో లిఫ్టు నడిపే తాత ముందే, ఎక్కబోతున్న ఆరుగురి బరువూ నోటికి చెప్పేసింది. ఆ తాత పిడి వదిలి ఆమెని ఎగాదిగా చూశాడు. "నాకు మోకాళ్ళు పోయాయి తల్లీ. ఈ స్టూలు నీదే," అన్నాడు.

ఆ నెలనుంచి ఒక్క చుక్క లేదు. రెండేళ్ళపాటు ఆమె క్యాలెండరు వంక చూడలేదు.

కోత మిల్లులో పనిచేసే ఆమె భర్త, ఆ సంతోషంలో ఒక తెల్ల దుప్పటి కొనుక్కొచ్చాడు. పెళ్ళయిన ఇరవయ్యేళ్ళలో వాళ్ళ మంచానికి మెరూన్, ముదురు నీలం, నలుపు తప్ప ఇంకో రంగు తెలియదు. "ఇక మనమూ దొరల్లా పడుకుందామే!" అని తనే పరిచి, మూలలు సర్ది, రెండు చేతులూ నడుమున పెట్టుకుని చూసుకున్నాడు. వదినగారు వస్తే ఆవిడక్కూడా చూపించాడు. ఆయన అంత గర్వంగా ఇంకేదీ చూపించినట్టు ఆమెకి గుర్తులేదు.

మూడు నెలల కిందట, మధ్యాహ్నం టీల వేళ, మూడో అంతస్తు దాటుతుండగా పొత్తికడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టయింది. తర్వాత వెచ్చగా తగిలింది. ఆ తగలడం ఆమెకి ఎంత బాగా తెలుసంటే, చూసుకోవాల్సిన పనే లేదు.

'ఏదో చుక్కేలే,' అనుకుంది. పెదవి కదపలేదు.

కిందికొచ్చి మళ్ళీ ఆరుగురిని ఎక్కించుకుంది. అందరూ చెప్పాల్సినవి చెప్పారు. పిడి తిప్పింది. లిఫ్టు కదల్లేదు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది అలవాటుగా. ఎవరూ లేరు. ఆమె చివర ఎక్కిన మనిషి వంక చూడకుండా, "ఒకరు దిగండి బాబూ, రోప్ కొంచెం బిగుసుకుంది," అంది. ఒకాయన దిగాడు. లిఫ్టు లేచింది.

అలా మొదలైంది.

చెప్పకపోవడానికి ఆమెకి కారణాలు లేకపోలేదు. డాక్టరమ్మ అప్పుడే అంది: "కొందరికి ఆ పొర మళ్ళీ పెరుగుతుంది. అలా వస్తే నెలసరేలే అని ఊరుకోకండి, వెంటనే రండి. ఎందుకొచ్చిందో చూడాల్సిందే. అవసరమైతే గర్భసంచి తీసేయాల్సి రావొచ్చు." తీసేస్తే ఆరు వారాలు మంచం. ఆరు వారాలు స్టూలు ఖాళీగా ఉంటే మేనేజరు ఊరుకుంటాడా? బటన్ల లిఫ్టు పెట్టించాలని ఆయన ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. ఇక ఇంట్లో ఆ తెల్ల దుప్పటి. ఇదంతా ఒక ఎత్తు. 'ఎందుకొచ్చిందో చూడాల్సిందే' అన్న మాట ఒక్కటే ఒక ఎత్తు. ఆ చూడ్డంలో ఏం బయటపడుతుందోనని తలపుకొస్తే, ఆమె వెంటనే క్యూలోవాళ్ళ బరువులు కూడడం మొదలుపెట్టేది. చెబితే నుయ్యి, చెప్పకపోతే గొయ్యి. రెంటికీ మధ్య ఒక స్టూలు, చుట్టూ కటకటాలు.

డ్యూటీలో ఉండగా లిఫ్టు వదిలి పోకూడదు. మధ్యాహ్నం భోజనానికి వాచ్‌మన్ వచ్చి కూర్చునే అరగంటే ఆమెది. ఆ అరగంటలో అన్నం మానేసి బాత్‌రూమ్‌లో నిలబడేది. నడుముకి నల్ల శాలువా చుట్టుకుంది. "ఏంటక్కా, ఎండాకాలంలో?" అని అడిగితే, "ఏసీ పడట్లేదు," అంది. ఆ లిఫ్టులో ఏసీ లేదు. అలాంటి అబద్ధం ఒక్కొక్కటీ కిలోన్నర, రెండు కిలోలు. అవీ కలిశాయి.

ఇంట్లో మంచం చివర, తువ్వాలు మడిచి పరుచుకుని, కట్టెలా బిగుసుకుని పడుకునేది. భర్త పక్కకి జరిగితే ఆమె ఇంకా చివరికి జరిగేది.

"నేనేమైనా అన్నానా?" అనేవాడు ఆయన చీకట్లో.

"వేడిగా ఉంది," అనేది.

మొదటి నెల అయిదుగురు. రెండో నెల నలుగురు. రక్తం ఆగిన రోజుల్లో కూడా బరువు తగ్గేది కాదు, నొప్పి ఆగేది కాదు. మూడో నెలకొచ్చేసరికి ముగ్గురు. ముగ్గురికి రెండువందల పది, తనకి అరవై. మిగిలిన రెండువందల పదీ ఆమె ఒక్కతే మోస్తోంది. ముగ్గురు మనుషులంత మాట. లెక్క తెలిసిన మనిషి కదా, ఆ అంకె వేసుకుని తనే బిత్తరపోయింది.

కింద క్యూ పెరిగింది. మొదట లిఫ్టు గుమ్మం దాకా, తర్వాత నోటీసు బోర్డు దాకా, తర్వాత వీధి మెట్ల దాకా. జనం చేతిగడియారాలు చూసుకుంటున్నారు, సణుగుతున్నారు. "లిఫ్టు ముసలిదైపోయింది," అన్నారు కొందరు. "మనుషులే ఎక్కువ దాస్తున్నారు, రోజులు బాలేవు," అన్నారు ఇంకొందరు. పాపం అందరూ తమ జేబులే తడుముకున్నారు. ఎప్పుడో చిన్నప్పుడు చేసిన తప్పులు కూడా వెతికి వెతికి చెప్పారు. తూకమ్మ తల ఊపుతూ అన్నీ వింది. ప్రతి మాటా సూదిలా గుచ్చుకుంది.

ఆరోజు ఎక్కిన ముగ్గురిలో మొదటివాడు ఆరో అంతస్తులో కోట్లు కుట్టే దర్జీ. రెండో ఆవిడ అయిదో అంతస్తు క్లినిక్‌లోనే ఇంకో డాక్టరుకి చెవులు చూపించుకోవడానికి వచ్చిన పెద్దావిడ, పూర్వం బడిపంతులమ్మ. మూడో మనిషి మేనేజరు. ఆయన మామూలుగా మెట్లెక్కి వెళ్ళేవాడు, ఆరోగ్యానికి మంచిదని. ఇవాళ ఆయన లిఫ్టు ఎక్కడం చూసి దర్జీ కళ్ళు చికిలించాడు.

దర్జీ ఎక్కుతూనే చెప్పేశాడు. "అక్కా, ఈ టోపీ గుడ్డ నాది కాదు. ఒకాయన కోటు గుడ్డలో మిగిల్చాను."

"మిగిలిందా, మిగిల్చావా?"

"మిగిల్చాను."

లిఫ్టు బరువుగా లేచింది. ఒకటి. రెండు. మూడు. తూకమ్మ పిడి మీద బలమంతా పెట్టింది. నాలుగో అంతస్తు దాటుతుండగా మేనేజరు పైకప్పు వంక చూస్తూ అన్నాడు: "ఏమ్మా, మెకానిక్‌ని రెండుసార్లు పిలిపించా. మోటారు బ్రహ్మాండంగా ఉందన్నాడు. మరి ముగ్గురికే ఎందుకు ఆయాసపడుతోంది? నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు సార్," అంది తూకమ్మ.

లిఫ్టు ఆగిపోయింది.

ముందు గోడ, వెనక గోడ. కటకటాల్లోంచి చూస్తే సిమెంటు, పైన అయిదో అంతస్తు గచ్చు అంచు, దానిపైన సన్నటి వెలుతురు గీత. పిడి ఎటు తిప్పినా టకటకమంది తప్ప పట్టుకోలేదు.

"సరే, ఎవరిది?" అన్నాడు దర్జీ, బస్సులో టికెట్టు అడిగినంత మామూలుగా. "నాది అయిపోయింది. పోనీ ఇంకోటి చెప్తా. మా ఆవిడ కుట్టిన జాకెట్టు నేనే కుట్టానని అమ్మాను. ఊఁ, ఇప్పుడు?"

బెత్తెడు లేచి ఆగింది.

"మరీ ఇంత చిన్నవి లెక్కలోకి రావు నాయనా," అంది పెద్దావిడ. చెవి వెనకనుంచి మిషను తీసి చేతిసంచిలో వేసుకుంది. "నాకు చెవులు శుభ్రంగా వినిపిస్తాయి. మా కోడలు మాట్లాడ్డం మొదలుపెడితే ఆపదు. ఈ మిషను పెట్టుకుని, బ్యాటరీ అయిపోయిందని చెబుతా. నాలుగేళ్ళయింది."

లిఫ్టు జానెడు లేచింది. దర్జీ చప్పట్లు కొట్టబోయి మేనేజరుని చూసి ఆగాడు.

"మరి ఇవాళ డాక్టరు పరీక్ష చేస్తే తెలిసిపోదా అమ్మా?"

"అందుకే చెప్పేశాను."

ముగ్గురూ మేనేజరు వంక చూడలేదు. కానీ చూడకపోవడం కూడా ఆయన వంకే ఉంది.

"నా దగ్గర దాపరికాలేం లేవు," అన్నాడు ఆయన. లిఫ్టు మూరెడు కిందికి జారింది. వెలుతురు గీత మాయమైంది. పెద్దావిడ దర్జీ మోచెయ్యి పట్టుకుంది.

"ఎందుకు సార్ మమ్మల్ని కూడా ముంచుతారు?" అన్నాడు దర్జీ.

మేనేజరు కళ్ళజోడు తీసి తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. ఎవరికీ కాకుండా, నేలకి చెప్పాడు: "కొత్త లిఫ్టుకి సంతకం అయిపోయింది. పోయిన నెలే. బటన్లది. క్యూలు వీధిలోకి వస్తున్నాయని అద్దెకున్నవాళ్ళంతా ఫిర్యాదులు పెట్టారు. వచ్చే నెల మొదటి తారీఖున దీన్ని విప్పేస్తారు." ఒక్క క్షణం ఆగి, "నీకు చెప్పడానికి నోరు రాలేదమ్మా," అన్నాడు.

లిఫ్టు ఆ మూరెడూ ఎక్కింది, ఇంకో మూరెడు కూడా. వెలుతురు గీత తిరిగొచ్చింది.

తూకమ్మకి నవ్వొచ్చింది. ఏ స్టూలు పోతుందని నోరు కట్టేసుకుందో ఆ స్టూలు పోయిన నెలే పోయింది. పోయిందీ తన క్యూల వల్లే. ఆరుగురిని అయిదుగురు, అయిదుగురిని నలుగురు చేసి, ఎవరికీ తెలియకుండా సర్దుకుంటున్నానని మురిసిపోయింది. తన గొయ్యి తనే, ఇంచీటేపు పెట్టి కొలుచుకుని మరీ తవ్వుకుంది.

లిఫ్టు ఇంకా గచ్చుకి నిలువెత్తు కిందనే ఉంది. దర్జీ సిమెంటు గోడని చూస్తున్నాడు, దానిమీద ఏదో రాసున్నట్టు.

"తల్లీ," అంది పెద్దావిడ మెల్లగా. "ఇంకెవరూ మిగల్లేదు."

తూకమ్మ పిడిని రెండు చేతులతో పట్టుకుంది. దానికే చెప్పింది.

"నడుం నొప్పిగా ఉంది."

లిఫ్టు ఇంచీ కదిలింది.

"నడుం కాదు. పొత్తికడుపు."

ఇంకో రెండు ఇంచీలు. దర్జీ టోపీ తీసి చేత్తో పట్టుకుని, పూర్తిగా గోడవైపు తిరిగిపోయాడు. మేనేజరు కూడా అటే తిరిగాడు. ఇద్దరు మగాళ్ళూ శిక్షపడ్డ బడిపిల్లల్లా పక్కపక్కన నిలబడ్డారు.

"నాకు మళ్ళీ రక్తం పోతోంది. లోపల కాల్పించుకున్నా, ఆగిపోయింది, రెండేళ్ళు హాయిగా ఉన్నా. మళ్ళీ వచ్చింది. మూడు నెలలు. మా ఆయనకి కూడా తెలీదు." మాట వణికింది. లిఫ్టు కూడా వణుకుతూనే పైకి జరుగుతోంది, బావిలోంచి నిండు బిందె లాగినట్టు. "ఇప్పుడు కూడా పోతోంది. ఇక్కడే, ఈ స్టూలు మీదే."

వెలుతురు నడుముదాకా వచ్చింది. అక్కడ ఆగింది.

"చెప్పాను కదా! అంతా చెప్పాను!" అంది తూకమ్మ, ఇత్తడి పిడిని గుంజుతూ.

"అంతా చెబితే ఆగదు కదమ్మా," అంది పెద్దావిడ.

పైన ఎక్కడో కుర్చీ లాగిన చప్పుడైంది. క్లినిక్‌లో ఎవరో దగ్గారు.

"నాకు భయంగా ఉంది," అంది తూకమ్మ. "డాక్టరమ్మ అప్పుడే చెప్పింది, మళ్ళీ వస్తే వెంటనే రమ్మని, నిర్లక్ష్యం చేయొద్దని. రోజుకి ఇరవైసార్లు ఆ గుమ్మం ముందు ఆపి అందరినీ దింపుతున్నా. నేను మాత్రం దిగలేదు. డ్యూటీ అని కాదు. ఏం చెబుతుందోనని. అది వినే ధైర్యం లేక."

లిఫ్టు ఎంత తేలిగ్గా లేచిందంటే, ఆమె చేతిలోంచి పిడి దానంతటదే జారింది. అయిదో అంతస్తు గచ్చుకి సమానంగా వచ్చి, చప్పుడు లేకుండా ఆగింది.

తూకమ్మ కటకటాలు లాగింది. పెద్దావిడ దిగింది, దర్జీ దిగలేదు, అతనిది ఆరు. ఆమె అలవాటుగా మళ్ళీ తలుపు మీద చెయ్యి వేసింది.

"నువ్వు దిగితే లిఫ్టు ఎవరు..." అని మేనేజరు మొదలుపెట్టాడు.

"స్టూలే తీసేసినవాడివి, డ్యూటీ గురించి నువ్వు మాట్లాడకు నాయనా," అంది పెద్దావిడ బయటనుంచి. "నాకు బాగా వినపడుతుంది, గుర్తుంది కదా?"

మేనేజరు చెయ్యి చాచి, పిడి ఆయనే పట్టుకున్నాడు, తిప్పడం తెలియకపోయినా. "వెళ్ళమ్మా," అన్నాడు. దర్జీ గోడవైపు తిరిగే, "అక్కా, ఆ శాలువా వెనక్కి కాస్త సర్దుకో," అన్నాడు.

డాక్టరమ్మ ఆమెని చూసి లిఫ్టు చెడిపోయిందేమో అనుకుంది. విషయం విన్నాక తలుపు వేసి, బల్లమీద పడుకోబెట్టి స్కాన్ చేసింది. తెరమీద బూడిదరంగు మబ్బులు.

"కాల్చిన చోట మచ్చ గట్టిపడింది. ఒక మూల పొర మళ్ళీ పెరిగింది," అంది వేలితో చూపిస్తూ. "అక్కడి రక్తం కొంత బయటికి వస్తోంది, కొంత దారిలేక మచ్చ వెనకాల చిక్కుకుపోయింది. రక్తం ఆగిన రోజుల్లో కూడా నొప్పి దానివల్లే. అంతవరకూ నాకు కనిపిస్తోంది. కానీ కనిపించేదాంతో సరిపెట్టుకోకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. మచ్చ అడ్డం వస్తే మత్తిచ్చి తీయాలి. రేపు పొద్దున ఏమీ తినకుండా రండి."

"అది..." అంది తూకమ్మ. "అది చెడ్డదైతే?"

"కాకపోవచ్చు. ఒకవేళ అయినా, మూడో నెలలోనే చూస్తున్నాం. ఏడాది మోసుకుని వచ్చేవాళ్ళున్నారు నా దగ్గరికి." డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ వెనక్కి తిరిగింది. "రేపు మీతో ఎవరొస్తారు?"

తూకమ్మ బయటికి వచ్చి వరండాలో బల్లమీద కూర్చుంది. నొప్పి అలాగే ఉంది. శాలువా తడిగానే ఉంది. వచ్చే నెల ఉద్యోగం లేదు. ఒక్కటీ తీరలేదు. అయినా బల్లమీద తన బరువు ఎంతో తనకి తెలిసింది. అరవై. చాలా రోజుల తర్వాత సరిగ్గా అరవై.

ఫోను తీసి భర్త నంబరు నొక్కింది. అటునుంచి కోత మిషను హోరు, దానిమీద ఆయన కేక.

"ఏమే! ఏమైంది? ఈ టైంలో చేశావు? ఏమీ వినపడట్లేదు, ఉండుండు, మిషను ఆపుతున్నా!"

హోరు సన్నబడింది. రంపం పళ్ళు ఇంకొన్ని చుట్లు తిరిగి, ఆగాయి. ఆయన ఊపిరి వినిపించింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పు," అన్నాడు.

తూకమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని, నోరు తెరిచింది.